చేపల రీలును పేటెంటుకు పెడితే పాత రీళ్లతో ఎలా పోలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కర్నూలులో పేటెంట్ ఏజెంటుగా పని చేస్తాను. కొత్తగా కనిపెట్టిన వస్తువు మీద హక్కు రాయించే పని ఇది. ఆ మాట చెబితే సగం మంది పొలం పట్టాల పని అనుకుని పాసుపుస్తకం తీస్తారు. మిగతా సగంలో లేత్ షాపు వాళ్లు, వెల్డింగ్ వాళ్లు, ఇంజినీరింగ్ పిల్లలు ఎక్కువ. సుంకేసుల దగ్గరో, కేసీ కాలువ గట్టు మీదో గాలం వేసే అలవాటున్నవాళ్లు కొందరు రీళ్లు, అంటే గాలం కర్రకు తగిలించి దారం చుట్టుకునే చక్రాలు, బాగుచేస్తూ చేస్తూ సొంతంగా ఒకటి తయారు చేసుకుంటారు. అక్కణ్నుంచి ఈ ప్రశ్నలు మొదలవుతాయి. ఫోనులో పదే పదే చెప్పేకన్నా ఒకచోట రాసిపెడదామనిపించింది.

జవాబులన్నిటికీ ఒకే రీలును ఉదాహరణగా తీసుకుంటాను. ఇది నేను ఊహించుకున్నదే. తుంగభద్ర నీళ్లలో సన్న ఇసుక, ఒండ్రు ఉంటాయి. దారం చుట్టుకునే స్పూలుకూ దాన్ని మోసే ఫ్రేముకూ మధ్య సందులో ఆ ఇసుక చేరితే రీలు గరగరలాడి పట్టేస్తుంది. మన మెకానిక్ స్పూలు పక్క పలకలకు బెజ్జాలు వేశాడు. స్పూలు అంచు చుట్టూ మరలాంటి గాడి కోశాడు. తిప్పేకొద్దీ ఇసుక ఆ గాడి వెంట బయటికి పోతుంది. దీన్ని ఇసుక రీలు అందాం.

అమెజాన్‌లో ఎంత వెతికినా ఇలాంటిది కనిపించలేదు. అంటే కొత్తదే కదా?

కాదు. మీరు వెతికింది అంగట్లో, పేటెంట్ ఆఫీసులో మీ అప్లికేషన్‌ను పరీక్షించే ఎగ్జామినర్ వెతికేది కాగితాల్లో. మీ అప్లికేషన్ తేదీకి ఒక్క రోజు ముందైనా సరే, ఏ దేశంలోనైనా, ఏ భాషలోనైనా అచ్చయిన కాగితం మీకు అడ్డు రావచ్చు. ఆ వస్తువు ఎన్నడూ తయారు కాకపోయినా, ఒక్కటీ అమ్ముడుపోకపోయినా అంతే. ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయి ఉండొచ్చు. గడువు తీరినదాన్ని మీరు చేసి అమ్ముకోవచ్చు గానీ, మళ్లీ మీ పేరు మీద రాయించుకోలేరు.

అసలు రీలు అనేదే చాలా పాతది. చైనా చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతంలో గీసిన ఒక బొమ్మలో, చలికాలపు సరస్సు మీద చిన్న పడవలో ఒకాయన ముడుచుకుని కూర్చుని ఉంటాడు. ఆయన కర్రకు చక్రంలాంటి రీలు తగిలించి ఉంటుంది. చూసినవాడికి నిర్మాణం అర్థమయ్యేంత స్పష్టంగా ఉంటే బొమ్మ కూడా ప్రయర్ ఆర్టే, అంటే ముందే లోకానికి తెలిసిన సంగతి కిందికే వస్తుంది. ‘కర్రకు తగిలించిన, దారం చుట్టుకునే చక్రం’ అని క్లెయిము, అంటే ఏది మీదో చెప్పే వాక్యం, రాసుకుని వెళ్తే మిమ్మల్ని ఆపడానికి ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ సిరా బొమ్మ చాలు.

రీలును చెన్నైకి పంపాలా? చేత్తో తిప్పి చూస్తే వాళ్లకే తెలుస్తుంది కదా.

మన జిల్లాలు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి, నిజమే. కానీ రీలు పంపక్కర్లేదు. ఎగ్జామినర్ మీ రీలును చూడరు, మీ క్లెయిమును చదువుతారు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఎంత చెప్పినా మొదటిసారి ఎక్కని సంగతి ఇదొక్కటే.

క్లెయిము అంటే పొలం దస్తావేజులో హద్దులు రాసినట్టు. పొలం ఎంత బాగా పండుతుందో అక్కడ రాయరు. ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా మీదో రాస్తారు. ఇసుక రీలుకు నేనైతే ఇలా మొదలుపెడతాను: దారం చుట్టుకునే స్పూలు, దాన్ని మోసే ఫ్రేము, తిప్పడానికి హ్యాండిలు, స్పూలు పక్క పలకల్లో బెజ్జాలు, స్పూలు అంచు చుట్టూ మరలాంటి గాడి, స్పూలు తిరిగేటప్పుడు బెజ్జాల గుండా వచ్చిన నీరు ఆ గాడిలోని ఇసుకను ఫ్రేము బయటికి నెట్టేటట్టు అమరిక.

ఎగ్జామినర్ దీన్ని ఆరు ముక్కలుగా విడగొడతారు. పాత కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కో ముక్కకూ టిక్కు పెడుతూ పోతారు. స్పూలు ఉంది, ఫ్రేము ఉంది, హ్యాండిలు ఉంది, బెజ్జాలు ఉన్నాయి. టిక్కు పడని ముక్క దగ్గరే మీ కేసంతా ఉంటుంది. మీ రీలులో ఎంత గొప్ప సంగతి ఉన్నా క్లెయిములో మాటగా లేకపోతే ఈ లెక్కలోకి రాదు.

మాటలు తగ్గించి రాస్తే హద్దు పెద్దదవుతుంది, పాతవి తగిలే అవకాశమూ పెరుగుతుంది. మాటలు పెంచుతూ పోతే పాతవి తగలవు గానీ, పక్క వీధి షాపువాడు ఒక ముక్క మార్చి తప్పించుకుంటాడు. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చడానికే ఏజెంటుకు డబ్బులిచ్చేది.

కొత్తదనం, ఇన్వెంటివ్ స్టెప్ రెండూ ఒకటేనా?

వేర్వేరు. ఓడిపోయే కేసులు ఎక్కువగా రెండోదాని దగ్గరే ఓడిపోతాయి.

కొత్తదనానికి లెక్క సులువు. మీ క్లెయిములోని ముక్కలన్నీ ఒకే పాత కాగితంలో దొరికితే కొత్తదనం లేదు. ఐదు ఒకదాంట్లో, ఆరోది ఇంకోదాంట్లో ఉంటే కొత్తదనం ఉన్నట్టే. అక్కడితో సంబరపడి ఫోను పెట్టేసేవాళ్లున్నారు.

ఇన్వెంటివ్ స్టెప్ దగ్గర ఎగ్జామినర్ రెండు మూడు కాగితాలు కలిపి చూడొచ్చు. ఆ పని తెలిసిన మామూలు మనిషికి వీటిని కలపాలని సహజంగా తోస్తుందా అన్నదే ప్రశ్న. ఆ మనిషి మేధావి కాదు, చేపల కూర తప్ప రీలు సంగతి తెలియనివాడూ కాదు. మన చట్టంలో సెక్షన్ 2(1)(జేఏ) ప్రకారం, ఉన్న పరిజ్ఞానం మీద సాంకేతికంగా ఒక ముందడుగో, ఆర్థిక ప్రాధాన్యమో, రెండూనో ఉండాలి. దానితోపాటు పనివాడికి ఇట్టే తోచేది కాకూడదు.

ఇసుక రీలుకు వద్దాం. స్పూలుకు బెజ్జాలు వేయడం అమెరికాలో 1874లోనే చార్లెస్ ఆర్విస్ పేటెంటులో ఉంది. దారం త్వరగా ఆరాలని పక్క పలకలనిండా బెజ్జాలు పెట్టాడాయన. కాబట్టి బెజ్జాలు పోయాయి. మరలాంటి గాడి తిరుగుతూ పొడిని, గింజల్ని ముందుకు నెట్టడం రైసు మిల్లులో రోజూ చూసేదే. విడిగా చూస్తే గాడీ పోయింది. మిగిలిందేమిటి? బెజ్జాల్లోంచి వచ్చే నీరు గాడిలో ఇసుకను కదిలించడం, నీరు లేకుండా గాడి ఒక్కటే ఉంటే తడి ఇసుక అందులోనే గట్టిపడిపోవడం. ఈ రెండూ ఒకదానికొకటి ఆసరాగా పనిచేస్తున్నాయని స్పెసిఫికేషన్‌లో, అంటే అప్లికేషన్‌తో ఇచ్చే వివరణ కాగితంలో, రాసి, వీలైతే కొలిచి చూపిస్తే మాట్లాడటానికి చోటుంటుంది. రాయకపోతే లేదు.

లేత్ షాపు వాళ్లకు నేను తప్పకుండా చెప్పే కేసు ఒకటుంది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ మధ్య నడిచి 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలింది. గొడవ దేని గురించనుకున్నారు? లేత్ మీద గిన్నెలు తరిణ పట్టేటప్పుడు వాటిని పట్టి ఉంచే పరికరం గురించి. పేటెంటు నిలబడలేదు. పేటెంటు కావాలంటే అది మామూలు వర్క్‌షాపు మెరుగుదల కన్నా ఎక్కువై ఉండాలని కోర్టు చెప్పింది. పాత భాగాలు కలిపినప్పుడు కొత్త ఫలితమో, మేలైనదో, చౌకైనదో రావాలని కూడా అంది. ‘వర్క్‌షాపు మెరుగుదల’ అన్న మాట ఇప్పటికీ ఎగ్జామినేషన్ రిపోర్టుల్లో కనబడుతుంది. మన షాపుల్లో రోజూ జరిగేది సరిగ్గా అదే కాబట్టి ఆ మాట చదివినప్పుడల్లా నాకు కొంచెం గుచ్చుకుంటుంది.

చేపల రీలుకూ చేనేత మగ్గానికీ ఏం సంబంధం? మగ్గం కాగితం చూపించి నా రీలును ఆపుతారా?

ఆపొచ్చు. ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను ఎమ్మిగనూరు వెళ్లి మగ్గం పక్కన ఐదు నిమిషాలు కూర్చోమంటాను. నాడెను చేతిలోకి తీసుకుని చూడండి. లోపల ఇనుప పుల్లకు నూలు చుట్టిన కండె తొడిగి ఉంటుంది. నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే పేక నూలు వదులవుతూ పోతుంది గానీ, కండె తిరగదు. నూలు కండె కొన మీదుగా జారి, నాడెకున్న చిన్న కన్నంలోంచి బయటికొస్తుంది. తిరిగే బరువు లేదు కాబట్టి నాడె టక్కున ఆగినా నూలు చిక్కుపడదు.

ఇప్పుడు పాతకాలపు రీలును గుర్తు చేసుకోండి. గాలం విసిరితే స్పూలు గిర్రున తిరుగుతుంది. ఎర నీళ్లలో పడి ఆగిపోయాక కూడా స్పూలు ఆగదు, దారం కుప్పగా చిక్కుపడుతుంది. స్కాట్లాండులోని పెర్త్ ఊరి పీటర్ మాలక్ 1884లో దీనికో ఉపాయం చేశాడు. విసిరే ముందు స్పూలును పక్కకు తిప్పితే దారం కొన మీదుగా జారుతుంది. చుట్టేటప్పుడు మళ్లీ మామూలు స్థితికి తేవాలి. తర్వాత ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో స్పూలును కదలకుండానే ఉంచి, దారాన్ని దాని చుట్టూ తిప్పి చుట్టే రీలుకు పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మనం స్పిన్నింగ్ రీలు అంటున్నది ఆ వంశమే. ఆయన బట్టల మిల్లుల మనిషి. మిల్లులో బాబిన్ మీదనుంచి నూలు జారడం చూసే ఆలోచన వచ్చిందని చెబుతారు.

ఇల్లింగ్‌వర్త్ అప్లికేషనే ఇవాళ వస్తే మాలక్ రీలు మొదటి కాగితంగా, నాడె రెండో కాగితంగా ఎగ్జామినర్ బల్ల మీద ఉంటాయి. దారం చిక్కుపడకుండా వదలడమనే సమస్య ఇద్దరిదీ ఒకటే కాబట్టి, వేరే రంగమని కొట్టిపారేయలేం. అయితే ఇల్లింగ్‌వర్త్ తరఫున నేనుంటే నాడె దారాన్ని వదలడమే చేస్తుంది, తిరిగి చుట్టదు కదా అని వాదిస్తాను. చేపను లాగుతూ చుట్టడం మగ్గంలో లేని సమస్య. ఇక్కడో చిన్న సంగతి: బ్రిటన్ పేటెంట్ ఆఫీసు పాత పేటెంట్లు వెతికి చూడటం మొదలుపెట్టింది 1902 చట్టం తర్వాత, సరిగ్గా ఆ 1905లోనే. అప్పుడు చూసింది గత యాభై ఏళ్ల బ్రిటిష్ కాగితాలు మాత్రమే. ఇప్పటి ఎగ్జామినర్‌కు ఆ కంచె లేదు.

ముందే నేనే వెతుక్కోవచ్చా? ఎలా?

వెతుక్కోవాలి. అప్లికేషన్ రాయకముందే. ఎగ్జామినర్‌కు దొరికేది మీకు ముందే దొరికితే క్లెయిమును దాని పక్కనుంచి పోయేలా రాసుకోవచ్చు.

‘ఫిషింగ్ రీల్’ అని కొడితే వేలకొద్దీ వచ్చి పడతాయి. మాటలతో కాకుండా క్లాసు నంబరుతో మొదలుపెట్టండి. లోకమంతటా పేటెంట్లను ఒకే పద్ధతిలో వర్గాలుగా పెట్టారు. చేపల రీళ్లన్నీ ఏ01కే 89 కింద ఉంటాయి. అందులో 89/01 దగ్గర కదలని స్పూలువి, 89/015 దగ్గర తిరిగే స్పూలువి, 89/0155 దగ్గర దారం చిక్కుపడకుండా చేసే ఏర్పాట్లు. దారం, తీగ చుట్టే పనులన్నీ బీ65హెచ్‌లో ఉంటాయి, అదీ చూడండి. మగ్గం నాడెలకు డీ03జే. మన దేశపు కాగితాలకు పేటెంట్ ఆఫీసువారి ఇన్‌పాస్, బయటివాటికి ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్ ఉన్నాయి. మూడూ ఉచితమే.

రీళ్లలో పెద్ద గుట్ట జపానుది. షిమానో, దైవా కంపెనీలు దశాబ్దాలుగా గేరు, బ్రేకు, బేరింగు, నీరు లోపలికి పోకుండా సీలు, అన్నిటి మీదా అప్లికేషన్లు పెడుతూనే ఉన్నాయి. జపనీస్ రాదని వదిలేయకండి. ముందు బొమ్మలు చూడండి. లేత్ మీద పనిచేసే చేతికి సెక్షన్ డ్రాయింగు అర్థం కావడానికి భాష అక్కర్లేదు. అనుమానం వచ్చినదాన్ని మెషీన్ అనువాదంలో చదవండి.

నా లెక్కలో ఒక రీలుకు రెండు మూడు రోజులు కూర్చోవాలి. ఒక్క సాయంత్రంలో ‘ఏమీ దొరకలేదు సార్’ అంటూ వస్తే మళ్లీ వెనక్కి పంపిస్తాను.

అప్లికేషన్ వేయకముందే యూట్యూబులో వీడియో పెట్టాను. ఏమన్నా అవుతుందా?

అవుతుంది. మీ వీడియోనే మీకు ప్రయర్ ఆర్టు.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాకే ఈ దెబ్బ తగిలింది. ఒకాయన పరికరం తెచ్చాడు, రీలు కాదులెండి. నేను డ్రాయింగులు, క్లెయిములు అన్నీ శ్రద్ధగా రాశాను. ‘ఎక్కడైనా చూపించారా’ అని అడిగితే లేదన్నాడు. వీడియో పెట్టడం చూపించడం కిందికి వస్తుందని ఆయనకు తోచలేదు, విడిగా అడగాలని నాకూ తోచలేదు. రిపోర్టులో మొదటి కాగితంగా ఆయన వీడియో లింకే వచ్చింది, తేదీతో సహా. ఆ రోజు నుంచి యూట్యూబు, ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపు, కాలేజీ ఎక్స్‌పో అని పేరు పేరునా అడుగుతున్నాను.

చట్టంలో సందులు కొన్ని ఉన్నాయి గానీ ఇరుకైనవి. సెక్షన్ 31 కింద కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ఎగ్జిబిషన్‌లో చూపించినా, విద్వత్ సంఘం ముందు పేపరు చదివినా 12 నెలల్లోపు అప్లికేషన్ వేయొచ్చు. మామూలు కాలేజీ ఫెస్టు దీని కిందికి రాదు. సెక్షన్ 32 మనకు దగ్గరిది. వస్తువు స్వభావాన్ని బట్టి బయట నలుగురిలో పరీక్షించక తప్పదనుకుంటే, ఏడాదిలోపు జరిగిన ఆ పరీక్ష అడ్డు కాదు. ఇసుక రీలును కాలువలోనే పరీక్షించాలి, బాత్రూము బకెట్లో కుదరదు. అది చెప్పుకోదగ్గ కారణమే. కానీ పరీక్ష పరీక్షలాగే ఉండాలి. గట్టు మీద పది మందికి అమ్మి పరీక్ష అంటే కుదరదు. తొందరగా ఉంటే ప్రొవిజనల్, అంటే పూర్తి వివరాలు తర్వాత ఇచ్చే తాత్కాలిక అప్లికేషన్, వేసేసి తర్వాత కాలువకు వెళ్లండి.

రీలుకు టార్చిలైటు, గంట, సెల్ఫీ స్టాండు తగిలించాను. ఇలాంటిది ఎక్కడా లేదు.

ఉండకపోవచ్చు. సెక్షన్ 3(ఎఫ్) చదవండి. తెలిసిన పరికరాలు దేని పని అది చేసుకుంటూ పక్కపక్కన ఉంటే అది ఇన్వెన్షన్ కాదు.

ఎంత ఖర్చు, ఎన్నాళ్లు?

సొంత పేరుతో ఆన్‌లైనులో వేస్తే అప్లికేషన్ ఫీజు 1,600 రూపాయలు, 30 పేజీలు, 10 క్లెయిముల వరకు. పరీక్షించమని అడిగే ఫారం 18కి 4,000. ఏజెంటు ఫీజు వేరు, అది బేరం మీద ఉంటుంది. ప్రొవిజనల్ వేస్తే 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. 18 నెలలకు పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో ప్రచురిస్తారు. ఫారం 18 వేయకపోతే ఎవరూ మీ కాగితం తెరవరు. 2024 మార్చి 15 నుంచి వేసిన అప్లికేషన్లకు దాని గడువు 31 నెలలు, అంతకు ముందువాటికి 48 ఉండేది. పాత గడువు గుర్తుపెట్టుకుని కూర్చున్నవాళ్లు జాగ్రత్త. అప్లికెంట్లలో ఒక మహిళ ఉంటే, లేదా స్టార్టప్ అయితే, 8,000 కట్టి ఫారం 18ఏతో త్వరగా పరీక్షించమని అడగొచ్చు.

తెలుగులో రాసి వేయొచ్చా?

లేదు. హిందీ, ఇంగ్లీషు మాత్రమే. నాకు మాత్రం తెలుగులోనే చెప్పండి, అప్పుడే అసలు సంగతి బయటికొస్తుంది.

ఎఫ్.ఈ.ఆర్. వచ్చింది. ‘డి1, డి2 దృష్ట్యా ఇన్వెంటివ్ స్టెప్ లేదు’ అని ఉంది. రిజెక్టు అయినట్టేనా?

కాదు, టెన్షన్ పడకండి. ఎఫ్.ఈ.ఆర్. అంటే మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టు. అభ్యంతరాలు లేకుండా వచ్చిన రిపోర్టు నేను చూసింది తక్కువ. డి1, డి2 అంటే ఎగ్జామినర్‌కు దొరికిన పాత డాక్యుమెంట్లు. ఇసుక రీలుకు డి1 బెజ్జాల రీలు, డి2 మిల్లులో గింజల్ని నెట్టే స్క్రూ అనుకుందాం. జవాబుకు ఆరు నెలలు. ముందే ఫీజు కట్టి అడిగితే ఇంకో మూడు నెలల వరకు పొడిగిస్తారు. గడువులోపు జవాబివ్వకపోతే అప్లికేషన్ వదిలేసినట్టు లెక్క కడతారు.

ముందుగా డి1ను మొత్తం చదవండి. ఎగ్జామినర్ చూపించిన పేరా ఒక్కటే కాదు. ఒక్కోసారి డి1లోనే మనకు అనుకూలమైన మాట ఉంటుంది. ‘బెజ్జాలు పెద్దవైతే ఒండ్రు లోపలికి చేరుతుంది కాబట్టి మూసేయాలి’ అని డి1లో ఉందనుకోండి, దాన్ని చదివినవాడు మన దారిలోకి ఎందుకొస్తాడు? అదే రాస్తాం.

జవాబులో ‘మా రీలు చాలా బాగుంటుంది, జాలర్లు మెచ్చుకున్నారు’ అని రాయకండి. మూడు విషయాలు చాలు: డి1లో లేనిది ఏమిటి, దానివల్ల ఏం జరుగుతోంది, డి1 చేతిలో ఉన్న పనివాడు డి2లోని స్క్రూను తెచ్చి ఇక్కడ పెట్టాలని ఎందుకు అనుకోడు. ఇసుక రీలుకైతే ఇలా: ‘డి1లో బెజ్జాలు దారం ఆరడానికి ఉన్నాయి, నీటిని అంచు గాడికి మళ్లించడానికి కాదు. డి2లో స్క్రూ పొడి గింజల్ని నెడుతుంది, తడి ఇసుక అందులో గట్టిపడే సమస్య దానికి లేదు.’ ఇంత సాదాగా రాస్తే చాలు.

రిపోర్టు చూశాక కొత్త భాగం కలుపుదామంటారు చాలామంది. సెక్షన్ 59 ఒప్పుకోదు. మొదట వేసిన కాగితంలో లేనిది తర్వాత చేర్చలేరు, ఉన్నదాంట్లో హద్దు కుదించుకోవచ్చు అంతే. అందుకే మొదట్లోనే గాడి లోతు ఎంత, కోణం ఎంత, బెజ్జం గాడికి ఎంత దూరంలో ఉంది, వేరే రకంగా ఎలా చేయొచ్చు అని విసుగొచ్చేదాకా అడుగుతాను. వెనక్కి తగ్గాల్సి వచ్చినప్పుడు నిలబడే మెట్లు అవే.

జవాబుతో తృప్తి పడకపోతే హియరింగ్ పెడతారు. వీడియోలోనే జరుగుతుంది, చెన్నై రైలెక్కక్కర్లేదు. తేల్చేది పేటెంట్ ఆఫీసులోని కంట్రోలరు.

లోపలి పని పాతదే, ఆకారం మాత్రం నాది.

అయితే పేటెంటు వద్దు, 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయించండి. కంటికి కనిపించే రూపానికి పదేళ్లు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు. అక్కడా ముందే బయటపెట్టిన రూపం చెల్లదు.

పక్కవాడు అడ్డుపడగలడా?

ప్రచురణ అయ్యాక, పేటెంటు ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. ఇచ్చాక ఏడాది వరకు సంబంధం ఉన్నవాళ్లు వేయొచ్చు. వచ్చిన పేటెంటు అప్లికేషన్ తేదీ నుంచి 20 ఏళ్లు, అదీ మన దేశంలోనే. మూడో ఏడు నుంచి ఏటా ఫీజు కడుతూ ఉండాలి. మొదట్లో సొంత పేరుకు 800 రూపాయలు.

మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

కొత్త రీలు, చేత్తో గీసిన బొమ్మ, వెతికినప్పుడు దొరికిన పాత కాగితాలు. ‘మనదానికి దగ్గరగా ఉంది, సార్‌కు చూపిస్తే వద్దంటాడేమో’ అని దాచినది ఉంటే ముందు అదే ఇవ్వండి. దాంతోపాటు పట్టేసిన పాత రీలు కూడా తీసుకురండి. తుడవొద్దు, నూనె వేయొద్దు. ఇసుక ఎక్కడ చేరిందో, స్పూలు అంచు మీద గీతలు ఏ వైపు పడ్డాయో నేను చూడాలి.